సీసా మీది బొమ్మ ఏం చెబుతోంది?
హానికర రసాయనాల వర్గీకరణ, లేబుళ్లు



ఈనాటి ప్రసంగంలో హానికర రసాయనాలను ఎలా వర్గీకరిస్తారో, వాటి లేబుళ్లను ఎలా చదవాలో తెలుసుకుందాం. ఇది ఫ్యాక్టరీల వాళ్లకు మాత్రమే పనికొచ్చే విషయమని అనుకోకండి. వంటింట్లో గ్యాసు బండ, స్నానాలగదిలో యాసిడ్ సీసా, పొలానికి తెచ్చిన పురుగుమందు డబ్బా, పెయింటర్ వాడే థిన్నర్, ఇవన్నీ ఈ అంశం కిందికే వస్తాయి.

రాయ్‌పూర్‌లో ఉన్నవారు టాటీబంధ్ వైపు వెళ్లినప్పుడు ఒక పని చేయండి. రసాయనాలు, ఇంధనాలు మోసుకుపోయే ట్యాంకర్ల వెనక ఉండే పలకను గమనించండి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం ఉండవలసిన అత్యవసర సమాచార పలక అది. సరుకు పేరు, ఐక్యరాజ్యసమితి కేటాయించిన నాలుగంకెల సంఖ్య, ప్రమాద చిహ్నం, సాయం కోసం ఫోన్ నంబరు అందులో ఉంటాయి. 1203 అంటే పెట్రోలు. 1005 అంటే అమ్మోనియా. 1017 అంటే క్లోరిన్. ట్యాంకరు గుజరాత్‌లో బయలుదేరి ఒడిశాలో బోల్తాపడినా ఆ సంఖ్యకు అర్థం ఒక్కటే. డ్రైవరు మాట్లాడలేని స్థితిలో ఉన్నా అగ్నిమాపక సిబ్బందికి ఆ పలక జవాబు చెబుతుంది.

రవాణాకు సంబంధించి ఐక్యరాజ్యసమితి తన సిఫార్సులను తొలిసారి 1956లో ప్రచురించింది. అంటే రోడ్డు మీద ఈ ఉమ్మడి భాష పాతదే. మరి సరుకు ట్యాంకరు దిగి ఫ్యాక్టరీలోకి, దుకాణంలోకి, చివరకు ఇంట్లోకి వచ్చాక ఏ భాష మాట్లాడుతుంది? మనం చూడవలసింది ఇదే.

ఒకే పదార్థం, ఎన్నో తీర్పులు

ఒక పదార్థం ఎంత విషపూరితమో చెప్పడానికి శాస్త్రజ్ఞులు ఒక కొలత వాడతారు. దాని పేరు ఎల్.డి. 50. ప్రయోగశాలలో ఎలుకల వంటి జంతువులకు ఇచ్చినప్పుడు వాటిలో సగం చనిపోయే మోతాదు అన్నమాట. కిలో శరీర బరువుకు ఇన్ని మిల్లీగ్రాములు అని దీన్ని చెబుతారు. ఈ అంకె ఎంత చిన్నదైతే విషం అంత తీవ్రమైనదని గుర్తుంచుకోండి.

ఇప్పుడు ఈ కొలత 257 ఉన్న ఒక పదార్థాన్ని తీసుకుందాం. కొత్త విధానం రాకముందు నాటి నియమాలను పోల్చి చూపే ఒక ప్రసిద్ధమైన పట్టిక ఉంది. దాని ప్రకారం అమెరికా, కెనడా, జపాన్ ఈ పదార్థాన్ని ‘విషపూరితం’ అన్నాయి. ఐరోపా, ఆస్ట్రేలియా ‘హానికరం’ అన్నాయి. చైనా ‘ప్రమాదకరం కాదు’ అంది. మన దేశం ‘విషపూరితం కాదు’ అంది. పదార్థం మారలేదు, దాని గుణమూ మారలేదు. గీత ఎక్కడ గీయాలన్న దగ్గరే తేడా వచ్చింది. ఒక దేశంలో చేతి తొడుగులు వేసుకుని ముట్టుకునే పదార్థాన్ని ఇంకో దేశంలో వట్టి చేతులతో ఎత్తి పోశారంటే ఆశ్చర్యమేముంది?

ఈ గందరగోళాన్ని తొలగించాలని 1992లో రియో డి జనీరోలో జరిగిన ధరిత్రీ సదస్సు నిర్ణయించింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ, ఆర్థిక సహకార అభివృద్ధి సంస్థ, ఐక్యరాజ్యసమితి రవాణా నిపుణుల సంఘం కలిసి పదేళ్లు పనిచేశాయి. దాని ఫలితమే రసాయనాల వర్గీకరణకు, లేబుళ్లకు ప్రపంచమంతటికీ ఏకరూప విధానం. పొట్టిగా జి.హెచ్.ఎస్. అంటారు. 2003లో తొలి ప్రచురణ వచ్చింది. అట్ట రంగును బట్టి ఊదా పుస్తకం అని పేరు పడింది. రెండేళ్లకోసారి దీన్ని సవరిస్తారు. ఈ విధానంలో 257 కొలత ఉన్న పదార్థం మూడో తరగతి కిందికి వస్తుంది. దాని మీద పుర్రె బొమ్మ, ‘డేంజర్’ అనే మాట ఉండాలి.

లేబుల్ మీద ఏముండాలి?

ఈ విధానం ప్రకారం లేబుల్ మీద ఆరు అంశాలుంటాయి. అవి పదార్థం పేరు, హెచ్చరిక పదం, ప్రమాద వాక్యాలు, జాగ్రత్త వాక్యాలు, చిహ్నాలు, సరఫరాదారు వివరాలు. హెచ్చరిక పదాలు రెండే. తీవ్రమైనదైతే ‘డేంజర్’, అంతకన్నా తక్కువైతే ‘వార్నింగ్’.

చిహ్నాలు తొమ్మిది. ప్రతిదీ మూల మీద నిలబెట్టిన చతురస్రం. ఎర్రటి అంచు, తెల్లటి మధ్యభాగం, నల్లటి బొమ్మ. పేలుతున్న బాంబు ఉంటే పేలుడు పదార్థం. మంట ఉంటే అంటుకునేది. వలయం మీద మంట ఉంటే ఇతర వస్తువులను మండించేది. సిలిండర్ ఉంటే పీడనంలో ఉన్న వాయువు. చేతినీ లోహాన్నీ ద్రవం తినేస్తున్న బొమ్మ ఉంటే యాసిడ్ వంటిది. పుర్రె ఉంటే వెంటనే ప్రాణం తీయగల విషం. ఆశ్చర్యార్థకం ఉంటే కళ్లకు, చర్మానికి మంట పుట్టించేది లేదా కొంత తక్కువ విషం. ఎండిన చెట్టు, చచ్చిన చేప ఉంటే నీటిలోని జీవాలకు హాని చేసేది.

తొమ్మిదో బొమ్మను ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోండి. మనిషి ఛాతీ మీద నక్షత్రంలా చీలిన గుర్తు ఉంటుంది. క్యాన్సర్, గర్భస్థ శిశువుకు హాని, ఊపిరితిత్తుల జబ్బు వంటివి కలిగించగల పదార్థం అని దాని అర్థం. వీటిలో చాలా హాని ఏళ్ల తరువాత గాని బయటపడదు. అందుకే ఈ బొమ్మను చూసి ఎవరూ భయపడరు. నిజానికి దీనికే ఎక్కువ జాగ్రత్త కావాలి.

మన దేశంలో పరిస్థితి

మన పురుగుమందు డబ్బాల మీద రంగు త్రికోణాలుంటాయి. 1971 నాటి క్రిమిసంహారక నియమాలు వీటిని నిర్ణయించాయి. కొలత 50 వరకు ఉంటే ఎరుపు. 51 నుంచి 500 వరకు పసుపు. 501 నుంచి 5000 వరకు నీలం. ఆపైన ఆకుపచ్చ. ఎరుపు, పసుపు త్రికోణాల మీద ‘పాయిజన్’, నీలం మీద ‘డేంజర్’, ఆకుపచ్చ మీద ‘కాషన్’ అని రాస్తారు.

ఇప్పుడు పోల్చి చూడండి. అంతర్జాతీయ విధానంలో ‘డేంజర్’ అన్నది పై మెట్టు. మన త్రికోణాల్లో అది మూడో మెట్టు. ఇందాకటి 257 పదార్థం పురుగుమందైతే పసుపు త్రికోణంతో ‘పాయిజన్’ అవుతుంది. ఒకే దేశంలో ఒక నియమం విషం కాదన్నదాన్ని ఇంకో నియమం విషమంది. చదివేవాడు దేన్ని నమ్మాలి?

భోపాల్ దుర్ఘటన తరువాత వచ్చిన 1989 నియమాలు హానికర రసాయనాల తయారీదారులు భద్రతా సమాచార పత్రం ఇవ్వాలని, పాత్రల మీద వివరాలు రాయాలని చెప్పాయి. ఏకరూప విధానాన్ని తెచ్చే కొత్త నియమాల ముసాయిదా 2020లో తయారైంది. కాని అన్ని రసాయనాలకూ దాన్ని తప్పనిసరి చేసే నిబంధన ఇంకా అమలులోకి రాలేదు. ఐరోపాకు ఎగుమతయ్యే డ్రమ్ము మీద ఈ తొమ్మిది చిహ్నాల్లో వర్తించేవి ఉండి తీరాలి. అదే సరుకును ఇక్కడి కార్మికుడు ఎత్తితే అంత నిర్బంధం లేదు. ఇది న్యాయమా అని మనం అడగాలి.

బొమ్మ చాలదు, పత్రం చదవాలి

లేబుల్‌లో అన్నీ పట్టవు. అందుకే దాని వెనక 16 విభాగాల భద్రతా సమాచార పత్రం ఉంటుంది. నాలుగో విభాగం ప్రథమ చికిత్స, ఏడోది నిల్వ, ఎనిమిదోది రక్షణ సామగ్రి, పదోది ఆ పదార్థం ఎప్పుడు అదుపు తప్పుతుందో చెబుతుంది.

పదో విభాగం ఎంత ముఖ్యమో 2020 మే 7న విశాఖపట్నంలో తెలిసింది. ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి తెల్లవారుజామున స్టైరీన్ ఆవిరి వెలువడింది. 12 మంది చనిపోయారు. స్టైరీన్‌ను చల్లగా ఉంచాలి. దాని అణువులు ఒకదానికొకటి అతుక్కోకుండా నిరోధకం కలపాలి. లేకపోతే తనంతట తానే వేడెక్కుతుంది. ఇవి ఎవరికీ తెలియని రహస్యాలు కావు, స్టైరీన్ భద్రతా పత్రాల్లో ఉండేవే. చల్లబరచడంలో, నిరోధకం విషయంలో లోపాలున్నాయని, సైరన్ మోగలేదని రాష్ట్ర ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి సంఘం తేల్చింది. కాగితం మీది జ్ఞానం ట్యాంకు దగ్గరికి రాలేదు. గోడ బయట నిద్రపోతున్న ఊరికి అసలే చేరలేదు.

ఆ రోజుల్లోనే మన ఛత్తీస్‌గఢ్‌లోని రాయ్‌గఢ్ జిల్లాలో ఒక కాగితం మిల్లులో ట్యాంకు శుభ్రం చేస్తూ ఏడుగురు కార్మికులు విషవాయువు పీల్చి ఆసుపత్రి పాలయ్యారు. మూసి ఉన్న ట్యాంకులో పుట్టే వాయువుకు లేబుల్ అంటించేవారు ఎవరూ ఉండరు. అక్కడ కాపాడేది ముందుగా చెప్పిన మాట ఒక్కటే.

రాయ్‌పూర్ పక్కన సిల్తరాలో తయారయ్యే స్పాంజ్ ఐరన్ చూడండి. చూడటానికి మామూలు ఇనుప రాళ్లలా ఉంటుంది. తడిస్తే వేడెక్కి, మండే హైడ్రోజన్‌ను వదలగలదు. అందుకే ఓడల్లో ఎగుమతి చేసేటప్పుడు దాన్ని ప్రమాదకర సరుకుగా చూస్తారు. ఇక్కడ రెండు మాటల తేడా గ్రహించండి. వేడెక్కే గుణం పదార్థంలోనే ఉంది, దాన్ని మనం తీసేయలేం. ప్రమాదం జరిగే అవకాశం మాత్రం పొడిగా ఉంచడం, గాలి ఆడనివ్వడం అనే మన చేతల మీద ఆధారపడింది. లేబుల్ మొదటిది చెబుతుంది. రెండోది మనం చూసుకోవాలి.

చివరి చేయి

లేబుల్ గొలుసు ఎక్కువగా తెగేది చివరి లంకె దగ్గర. డ్రమ్ములోని ద్రవాన్ని చిన్న దుకాణదారు పాత నీళ్ల సీసాలోకి వంపుతాడు. ఆ క్షణంలో ఊదా పుస్తకం, చట్టం, పత్రం అన్నీ డ్రమ్ము దగ్గరే ఆగిపోతాయి. 2013 జూలై 16న బీహార్‌లోని సారణ్ జిల్లా గండామన్ గ్రామంలో మధ్యాహ్న భోజనం తిన్న 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు ఉన్నట్లు పరీక్షల్లో తేలింది. ఎర్ర త్రికోణం ఉండవలసిన మందు అది. వంటపాత్రలోని నూనె మీద ఏ త్రికోణం ఉంటుంది?

కాబట్టి నాలుగు పనులు చేయండి. రసాయనాన్ని తినే, తాగే వస్తువుల సీసాల్లోకి ఎప్పుడూ మార్చవద్దు. తప్పనిసరై మార్చితే పేరు, బొమ్మ రెండూ వెంటనే అంటించండి. పురుగుమందు ఖాళీ డబ్బాను కడిగినా సరే ఇంటి అవసరానికి వాడవద్దు. స్నానాలగది కడిగే యాసిడ్‌ను బ్లీచింగ్ పొడితో కలపవద్దు, క్లోరిన్ పుడుతుంది. ఎవరైనా రసాయనం మింగితే 108కి ఫోన్ చేసి, ఆ సీసాను కూడా ఆసుపత్రికి తీసుకెళ్లండి. చికిత్స ఏమిటో నిర్ణయించడానికి డాక్టరుగారికి ఆ లేబుల్ కావాలి.

ఉర్లాలోనో, భిలాయిలోనో పనిచేసే మన తెలుగువారికి ఇంకో మాట. మీరు ముట్టుకునే పదార్థం భద్రతా పత్రాన్ని చూపమని అడగండి. ఇంగ్లీషులో ఉంటే హిందీలోనో తెలుగులోనో వివరించమనండి. అలా అడగడం ధిక్కారమేమీ కాదు, అది మీ హక్కు. బొమ్మలకు భాష అక్కర్లేదంటారు గాని, బొమ్మ అర్థం కూడా ఎవరో ఒకరు నేర్పితేనే వస్తుంది. ఈ తొమ్మిది బొమ్మలను ఈ రోజే మీ ఇంట్లో పిల్లలకు గీసి చూపించండి.