హోప్ దీవికి వెళ్లే ముందు
(జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వచ్చే నెల మనం కాకినాడ వెళ్తున్నాం. అక్కడ చేపలు అమ్ముకునే ఆడవాళ్లతో రెండు రోజులు కూర్చొని మాట్లాడాలన్నది అసలు కార్యక్రమం. అంత దూరం పోతున్నాం కదా, పడవెక్కి హోప్ ఐలాండ్ కూడా చూసొద్దామని చాలామంది అడిగారు. అడగడంలో తప్పులేదు. మనలో సముద్రం చూడనివాళ్లే ఎక్కువ. అయితే పోయేముందు కొన్ని మాటలు చెప్పుకోవాలి.

ఈ దీవి గోదావరి మోసుకొచ్చిన ఇసుకతో, ఒండ్రుతో దాదాపు రెండు వందల ఏళ్లలో ఏర్పడింది. మన ధర్మపురి మీదుగా పారే గోదావరే అది. సిరిసిల్ల పక్కనుంచి పోయే మానేరు కూడా అందులోనే కలుస్తుంది. ఆ నేలలో మన పిడికెడు మట్టి ఉందని సంబరపడొచ్చు గానీ, దానివల్ల మనకు అక్కడ హక్కేమీ రాదు. తుఫాను అలలకు అడ్డం నిలిచి కాకినాడను కాస్తున్న ఆ దీవి మీద చేపలు పట్టి బతికే కుటుంబాల చిన్న ఊరు ఒకటి ఉంది. నేను చూసిన ప్రకటనల్లో ఇసుక ఉంది, నీళ్లున్నాయి, ఆ ఊరు మాత్రం లేదు.

చూడ్డానికి వచ్చేవాళ్ల సంగతి మనకు కొత్త కాదు. సిరిసిల్లలో మరమగ్గాల కార్మికులు వరసగా ఆత్మహత్యలు చేసుకున్న రోజుల్లో ఎంతమంది రాలేదు! కొందరు మేలు చేశారు, కాదనను. కానీ భర్త పోయిన మనిషిని మగ్గం పక్కన నిలబెట్టి తీసిన ఫోటో ఎక్కడ అచ్చయిందో ఆమెకు ఎవరూ చెప్పలేదు. కోరుట్లలో ఒక బృందం బీడీలు చేసే ఇంటికి వస్తే, ఆ ఇంటి అక్క చేతిలో పని ఆపకుండానే అడిగింది: "మీతోటి ముచ్చట పెట్టుకుంట కూసుంటె నా వెయ్యి బీడీలు ఎవలు చేస్తరు బిడ్డా?" దీవిలో ఒకామె మనల్ని ఇదే మాట అడిగితే మన దగ్గర జవాబు ఉండాలి.

ముఖ్యంగా తీరం గురించి. మనకది విహారస్థలం. ఆమెకు పనిచేసే చోటు. చేపలు ఎండేసేది, వలలు ఆరేసేది అక్కడే. మరుగుదొడ్లు లేని మత్స్యకార ఊళ్లలో ఆడవాళ్లు చీకటితో పోయొచ్చేదీ ఆ ఒడ్డుకే. తెల్లారకముందే పడవ నిండా జనం ఫోన్లు పట్టుకొని దిగితే ఆమె ఎక్కడికి పోవాలి? 2019 తీరప్రాంత నియంత్రణ నోటిఫికేషన్ బీచుల్లో పర్యాటకుల కోసం తాత్కాలిక మరుగుదొడ్లు, బట్టలు మార్చుకునే గదులు కట్టుకోవచ్చని చెప్పింది. నాలుగు గంటలుండి పోయేవాళ్ల అవసరం ప్రభుత్వానికి ఎంత తొందరగా అర్థమయిందో చూడండి.

ఇంకో సంగతి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, యంత్రపు పడవలకు వేట నిషేధం. ఆ రోజులకిచ్చే భృతి పడవ మీద వేటకు వెళ్లేవాళ్లను లెక్కలోకి తీసుకుంటుంది. చేపలు ఎండబెట్టి, గంపకెత్తుకొని అమ్మే ఆడమనిషికీ ఆ రెండు నెలలు రాబడి ఉండదు. చిన్న తరహా చేపల వేటపై 2014లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఆమోదించిన మార్గదర్శకాలు వేటకు ముందూ తర్వాతా ఆడవాళ్లు చేసే పనినీ గుర్తించాయి. మనం ఆమెతో మాట్లాడవలసింది దీని గురించి, దీవి అందం గురించి కాదు.

"పైసలు కట్టి పోతున్నం గద" అని ఒక చెల్లె అన్నది. మనం కట్టేది పడవకు, ఊరికి కాదు. ఊరి పెద్దలు సరేనన్నా చాలదు. పెద్దలంటే ఎవరో మనకు తెలుసు. ఆడవాళ్లు రమ్మనాలి, ఏ వేళకు రావాలో వాళ్లే చెప్పాలి. వద్దంటే కాకినాడ ఒడ్డునుంచే సముద్రం చూసి వద్దాం. పోతే మాత్రం తాగే నీళ్లు, తిండి మనమే మోసుకుపోవాలి, చెత్తంతా తిరిగి తెచ్చుకోవాలి. దయచేసి పాత చీరల మూటలు కట్టకండి. ఎండుచేపలు కొంటే ఆమె చెప్పిన ధరకే కొనండి, మన అంగట్ల లెక్క గీచి గీచి బేరమాడొద్దు.

కాకినాడ మిత్రులకు ఈ సంగతంతా రాశాం. ఆ ఊరి ఆడవాళ్లను అడిగి చెప్తామన్నారు. జవాబు వచ్చాకే పడవ మాట్లాడతాం. రైలు టికెట్లు మటుకు కాకినాడ దాకా తీస్తున్నాం. వచ్చేవాళ్లు సాయంత్రంలోగా పేర్లు ఇవ్వండి.