బీర పిందె ఎందుకు రాలుతోంది? సాయంత్రం ఐదింటికి ఫోన్ పెట్టి చూడండి!

ఉప్పల్, నాచారం గల్లీల్లో తలెత్తి చూస్తే ఏదో ఒక డాబా మీద బీరపాదో, సొరపాదో కనబడుతుంది. పెంచేవాళ్ల బాధ మాత్రం ఒక్కటే: "పూలు మస్తు పూస్తున్నాయి, పిందె పసుపుపచ్చగా మారి రాలిపోతోంది." వెంటనే ఎరువు వేస్తారు, మందు కొడతారు. ఆగండి! ముందు పువ్వును చూద్దాం.

బీరలో మగ పూలు, ఆడ పూలు వేరు. మగవి గుత్తిగా వస్తాయి. ఆడ పువ్వు ఒంటరిగా వస్తుంది, దాని కింద బుల్లి కాయ ఉంటుంది. నిజానికి అది ఇంకా కాయ కాదు, అండాశయం. మగ పువ్వు పుప్పొడి వచ్చి ఆడ పువ్వు మధ్యలో ఉండే కీలాగ్రం మీద పడాలి. ఆ రేణువు నుంచి సన్నటి గొట్టం మొలిచి లోపలి అండం దాకా పెరుగుతుంది. అప్పుడు జరిగేదే ఫలదీకరణం. అది జరగకపోతే మొక్క ఆ పిందెను వదిలేస్తుంది. నీళ్లు తగ్గినా, పండు ఈగ కుట్టినా పిందె రాలొచ్చు. కానీ మొదట చూడాల్సింది పుప్పొడి అందిందా లేదా అని.

ఇక్కడే టైమ్ ముఖ్యం. గుమ్మడి, కాకర పొద్దున్నే విచ్చుకుంటాయి, తేనెటీగలు పని కానిస్తాయి. బీర, సొర మాత్రం సాయంత్రం విచ్చుకుంటాయి. వాటికి చీకటి పడే వేళ తిరిగే రెక్కల పురుగులు కావాలి. ఆ టైమ్‌లో మందు కొడితే వచ్చే నాలుగు పురుగులూ పోతాయి.

మీరే టెస్ట్ చేయండి. రేపు విచ్చుకోబోయే రెండు ఆడ మొగ్గలకు పల్చటి గుడ్డ సంచి కట్టండి. సాయంత్రం ఐదు దాటాక ఫోన్‌ను స్టాండ్‌కు పెట్టి, ఒక మగ మొగ్గ ముందు టైమ్ ల్యాప్స్ ఆన్ చేయండి. రేకులు కదులుతూ విచ్చుకోవడం కనబడుతుంది. ఆ మగ పువ్వు తెంపి, రేకులు తీసేసి, ఒక ఆడ పువ్వు కీలాగ్రానికి అన్ని వైపులా మెల్లగా అద్దండి. రెండోదాన్ని ముట్టుకోవద్దు. రెండిటికీ మళ్లీ సంచి కట్టేయండి. నాలుగైదు రోజుల్లో తేడా మీకే తెలుస్తుంది.

పనిలో పనిగా నులితీగను కూడా చూడండి. కర్ర దొరకగానే పట్టుకుని స్ప్రింగులా చుట్టుకుంటుంది. సగం ఒక దిక్కుకు, మిగతా సగం ఎదురు దిక్కుకు! రెండు కొసలూ కదలకుండా ఉన్నాయి కదా, ఒకే దిక్కుకు తిరిగితే తీగ మెలిపడిపోతుంది. డార్విన్ కూడా దీన్ని శ్రద్ధగా గమనించాడు.

ఇదంతా చిన్న విషయం అనుకోకండి. మన పక్కనే, హబ్సిగూడలో ఉప్పల్ రోడ్డు మీదున్న సీసీఎంబీలో ఇమ్రాన్ సిద్దిఖీ బృందం మొక్కల్లో విత్తనం ఎలా తయారవుతుందో ఏళ్ల తరబడి పరిశోధించింది. 2011లో అమెరికా, ఫ్రాన్స్ శాస్త్రవేత్తలతో కలిసి, ఆవాల జాతికి చెందిన ఒక చిన్న మొక్కలో, తల్లికి అచ్చం నకలుగా ఉండే విత్తనాలు తెప్పించారు. ఇది పంటల్లో కుదిరితే రైతు ప్రతి ఏడాదీ హైబ్రిడ్ విత్తనం కొనక్కర్లేదు. అందుకే ఈ పరిశోధనకు అంత విలువ.

సరే, ఈ వారం మీ పని: ఒక పాదు, రెండు పూలు, ఐదు రోజులు. ఏ పిందె నిలిచిందో కామెంట్‌లో ఫొటో పెట్టండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను!