ఇల్లు మారే రోజుల్లో బేస్ గిటార్

మణుగూరు సింగరేణి బొగ్గు గనుల క్వార్టర్లలో బదిలీకో, రిటైర్మెంటుకో ఇల్లు ఖాళీ చేయడం మామూలే. ఆ హడావుడిలో, సొంతంగా బేస్ గిటార్ నేర్చుకునేవాళ్లు సాధన పక్కన పెట్టేస్తారు. దయచేసి పెట్టొద్దు.

బేస్ గిటార్ పలికే మంద్రనాదం ఈ నేలకు కొత్త కాదు. డోలు మీద కోయ వీరుల చరిత్ర పాడి 2022లో పద్మశ్రీ అందుకున్న సకిని రామచంద్రయ్యగారి స్వస్థలం మణుగూరు మండలం కూనవరమే. బేస్ గిటారే కొత్తది. కాలిఫోర్నియాలో రేడియో రిపేరు దుకాణం నడిపిన లియో ఫెండర్ 1951లో, నేడు మనం చూస్తున్న రూపంలో దాన్ని అమ్మకానికి తెచ్చాడు. ఆయనకు గిటార్ వాయించడం వచ్చేది కాదు!

బేస్ గిటార్ నాలుగు తీగల్లో లావుపాటిది సెకనుకు దాదాపు 41 సార్లు కంపిస్తుంది. పరుపులు, బట్టలు సర్దేశాక ఖాళీ గదిలో ఆ స్వరం ఒక మూల గుమ్మంటుంది, గది మధ్యలో సన్నగిల్లుతుంది. అది మీ వేళ్ల తప్పు కాదు. ఆంప్లిఫయర్ మూట కట్టేశారా? గిటార్ పైకొమ్మును చెవి పక్క ఎముకకు ఆనించి వాయించండి, ప్రతి స్వరం స్పష్టంగా వినిపిస్తుంది. మీటని తీగలు మోగకుండా ఎడమచేతి వేళ్లతో ఆపడం సాధన చేయడానికి ఇంతకన్నా మంచి అదను దొరకదు.

బయల్దేరే ముందు తీగలు కొద్దిగా సడలించండి, పూర్తిగా వదలొద్దు. బిరడాల చుట్టూ తువ్వాలు చుట్టండి. మన ఎండల్లో గిటార్‌ను సామాను వ్యానులో వేయకుండా వెంట తీసుకెళ్లండి. కొత్తింట్లో గిటార్ సంచి తెరవకుండా కాసేపు అలాగే ఉంచి, తర్వాత శ్రుతి చేసుకోండి.