ఫైర్ లైన్ ఒక్కసారి ఊడిస్తే సరిపోదు

అమ్రాబాద్, మన్ననూరు చుట్టుపక్కల పెంటల్లో, ఊళ్లలో ఉండే అక్కలకు, అన్నలకు చెబుతున్న మాటలివి. సభకు రాలేకపోయినవాళ్లు ఫోనులో చదువుకోండి, చదవడం రానివాళ్లకు వినిపించండి.

అడవి మంటల నివారణ పథకానికి కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం డబ్బు పెడతాయి. ఫైర్ లైన్లు తీయడం, ఫైర్ వాచర్లను పెట్టడం ఇందులోకే వస్తాయి. పని కావాలంటే మీ బీటు ఆఫీసరును అడగండి. కొడవలి పట్టకముందే పేరు, బ్యాంకు ఖాతా నంబరు రాయించుకోండి. తర్వాత చూద్దాంలే అనుకుంటే మీరే తిరగాల్సి వస్తుంది.

ఇక పని సంగతి. నల్లమలలో మంట ఎక్కువగా నేల మీదే పాకుతుంది. దానికి మేత ఎండుటాకు, ఎండిన బోదగడ్డి. మేత దొరకని చోట నెమ్మదిస్తుంది, గాలి లేకుంటే ఆగిపోతుంది. అందుకే గడ్డి కోసి, ఆకు ఊడ్చి, మట్టి కనపడేలా బాట చేస్తాం. అయితే జనవరిలో లైను తీసి చేతులు దులుపుకుంటే లాభం లేదు. టేకాకు ఆ తర్వాత కూడా రాలుతూనే ఉంటుంది. మార్చి వచ్చేసరికి బాట మీద మళ్లీ ఆకు పరుచుకుంటుంది. అప్పుడు లైను కాగితం మీద ఉంటుంది, అడవిలో ఉండదు! ఎండలు ముదిరే లోపు రెండోసారి, అవసరమైతే మూడోసారి ఊడవాలి. మీ పెంట దగ్గరి లైను ఆకుతో నిండితే మీరే వెళ్లి బీటు ఆఫీసరుకు చెప్పండి.

అడవంతా ఊడ్చమని కాదు. లైను వరకే. పక్కనున్న మొలకలు, జింకలు మేసే గడ్డి జోలికి పోవద్దు. పొద్దున్నే మొదలుపెట్టండి, ఒక్కరే వెళ్లొద్దు. ఆకు కుప్పలో చేయి పెట్టే ముందు కర్రతో కదపండి, పాములు, తేళ్లు ఉంటాయి. ఊడ్చిన ఆకును మీరు కాల్చొద్దు. అది సిబ్బంది చూసుకుంటారు.

ఇప్పపువ్వు ఏరేవాళ్లకు ఒక మాట. చెట్టు కింద ఆకు కాలిస్తే పువ్వు బాగా కనపడుతుందని మీకు తెలుసు, నాకూ తెలుసు. కానీ ఆ నిప్పు చెట్టు కిందే ఉండిపోదు. చీపురుతో ఊడ్చి పాత చీర పరవండి, పువ్వు మట్టి అంటకుండా వస్తుంది. రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం 1967 అటవీ చట్టం ప్రకారం నేరం.

ఉపగ్రహం చూసిన మంటల సమాచారం ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా నుంచి ఫోనుకు మెసేజ్‌గా వస్తుంది, ఎవరైనా ఉచితంగా నమోదు చేసుకోవచ్చు. అయినా పొగ ముందుగా కనపడేది మీకే. మెసేజ్ కోసం చూడకుండా బీటు ఆఫీసరుకు ఫోన్ చేయండి. నంబరు ఇప్పుడే ఫోనులో వేసుకోండి.