రాగిరేకు నుండి కంఠానికి

(గద్వాలలో భక్తుల సమక్షంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా శ్రీవారి బ్రహ్మోత్సవాలకు ముందు ఈ గద్వాల మగ్గాలపై నేసిన ఏరువాడ జోడు పంచెలు తిరుమలకు చేరుతాయి. సంస్థానాధీశుల కాలం నుండి వస్తున్న ఆనవాయితీ ఇది. నేత పూర్తయ్యేవరకు ఆ నేతకారులు దీక్షలో ఉంటారు. ఇక్కడి నుండి కొండకు వస్త్రం వెళుతుంది. మరి కొండ నుండి మన ఇళ్లకు వచ్చినదేమిటి? ప్రసాదంతోపాటు పాట కూడా వచ్చింది. ఆ పాట మన దాకా వచ్చిన దారిని ఈ రోజు స్మరించుకుందాం.

తాళ్లపాక అన్నమాచార్యులవారు (1408–1503) 32,000 సంకీర్తనలు రచించారని ప్రసిద్ధి. వారి కుమారులు పెదతిరుమలాచార్యులవారి కాలంలో వాటిని రాగిరేకులపై చెక్కించి, తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండారంలో భద్రపరిచారు. తరువాత శతాబ్దాలపాటు ఆ రేకులు లోకానికి మరుగున ఉండిపోయాయి. 20వ శతాబ్దంలో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి విద్వాంసులు వాటిని చదివి, పరిష్కరించి, దేవస్థానం ద్వారా ముద్రింపజేశారు.

ఇక్కడ మనం గమనించవలసినది ఒకటున్నది. రేకులపై కీర్తనకు రాగం పేరు ఉన్నది. పాడవలసిన స్వరం మాత్రం లేదు. ఆనాడు అన్నమయ్య ఏ వరుసలో పాడారో చెప్పగల కంఠం ఒక్కటీ మిగలలేదు. రాగి సాహిత్యాన్ని కాపాడగలిగింది, సంగీతాన్ని కాపాడలేకపోయింది. అందుకే రాళ్లపల్లివారు, ఆ తరువాత నేదునూరి కృష్ణమూర్తిగారు మొదలైన విద్వాంసులు ఎన్నో కీర్తనలకు కొత్తగా స్వరాలు కూర్చవలసి వచ్చింది. ఈనాడు ఇంటింటా వినబడే ‘నానాటి బ్రతుకు’ కీర్తనకు రేవతి రాగంలో వరుస కట్టినవారు నేదునూరివారే.

అయినా ఆ కీర్తనలు చాలాకాలం విద్వాంసుల మధ్యనే ఉండిపోయాయి. వాటిని జనసామాన్యానికి చేర్చిన మహాయజ్ఞాలలో ‘బాలాజీ పంచరత్నమాల’ ఒకటి. తిరుమల తిరుపతి దేవస్థానం పూనికతో 1979–80 ప్రాంతంలో శ్రీమతి ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారు గానం చేసిన రికార్డుల సంపుటి అది. అప్పటికి ఆమె వయస్సు అరవై దాటింది. దేశవిదేశాల్లో కీర్తి సంపాదించిన విదుషీమణి. తనకు అలవాటైన కృతులనే మళ్లీ పాడినా కాదనేవారు లేరు. అయినా మాతృభాష తమిళమైన ఆ తల్లి, శిష్యురాలివలె కూర్చుండి, అన్నమయ్య పదాలను ఉచ్చారణతో సహా నేర్చుకొని పాడారు. అపరిచితమైన పాట ఆమె కంఠం వల్ల ఇంటిపాట అయింది.

ఇప్పుడు మన పాలమూరు వైపు చూద్దాం. మన్యంకొండ వేంకటేశ్వరునిపై వేపూరి హనుమద్దాసుగారు కీర్తనలు రచించారు. శ్రీరంగాపురం రంగనాయకస్వామి సన్నిధికి, సింగోటం లక్ష్మీనరసింహస్వామి జాతరకు వచ్చే పల్లెజనంలో తాతల నాటి భజన కీర్తనలు పాడేవారు ఇంకా ఉన్నారు. అన్నమయ్య విషయంలో పోయిన వరుస, ఇక్కడ ఇంకా కొన్ని కంఠాలలో బ్రతికే ఉన్నది.

కాని ఎంతకాలం? నా అనుభవం ఒకటి మనవి చేస్తాను. కొన్నేళ్ల క్రితం వనపర్తి దగ్గర ఒక పల్లెలో ఏకాదశి భజనకు వెళ్లాను. ఒక పెద్దాయన చిడతలు పట్టి, నేనెన్నడూ వినని కీర్తన పాడారు. జేబులో ఫోను ఉన్నది. ‘మళ్లీ వచ్చి తీరికగా రికార్డు చేద్దాం’ అనుకున్నాను. మరుసటి ఏడు వెళ్లేసరికి ఆయన లేరు. మనుమడు పాత నోటుపుస్తకం తెచ్చి చూపాడు. పాట మొత్తం ఉన్నది. “వరుస తాతకే తెలుసు సార్” అన్నాడు. ఆ పుస్తకం నా చేతిలో మరొక రాగిరేకు అయింది. ఆ లోపం నాదే.

తెలంగాణలో కవులే లేరన్న మాట వచ్చినప్పుడు, ఈ జిల్లా గడ్డపై జన్మించిన సురవరం ప్రతాపరెడ్డిగారు 354 మంది కవులను ఒకచోట చేర్చి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ వెలువరించారు. కవుల కోసం ఆయన చేసిన పనిని మనం గాయకుల కోసం చేయాలి.

దాతలకు, భజన మండలులకు నా విన్నపం ఇదే. అన్నదానం చేయండి, గోపురాలకు రంగులు వేయించండి. వాటితోపాటు మీ ఊరిలో పాడే పెద్దల పాటను ఒక్కసారి రికార్డు చేయించండి. పాడినవారి పేరు, ఊరు, తేదీ, తాళం వ్రాసి ఉంచండి. ఒక ప్రతి ఆలయంలో, ఒక ప్రతి వారి ఇంటిలో ఉండనివ్వండి. తరువాత ఒక పిల్లవానికో పిల్లకో ఆ పాట నేర్పించండి. యంత్రంలో దాచినంత మాత్రాన పాట బ్రతకదు. మరొక కంఠం ఎత్తుకున్నప్పుడే బ్రతుకుతుంది.

మగ్గంపై పడుగు ఎంత పొడవున్నా, పేక పడకపోతే వస్త్రం కాదు. సాహిత్యం పడుగైతే కంఠం పేక. గద్వాలవారికి ఈ మాట నేను వివరించనక్కరలేదు.

ఓం నమో వేంకటేశాయ.