సెగయు, సిగ్గును
(గ్రంథాలయ సభలో చదివిన ఉపన్యాసము)



విశాఖపట్టణపు ఆటోనగరునకు లారీలు మరమ్మతుకై వచ్చుచుండును. దేశమునందలి లారీ డ్రైవర్లలో చిరకాలముగా ఒక నమ్మకము కలదు: ఇంజను ప్రక్కన దినముల తరబడి కూర్చుండుటచే ఒంట వేడి చేరుననియు, స్త్రీ సంగమముచే అది చల్లారుననియు. పిదప మూత్రమున మంట పుట్టినను వేడి చేసినదని మజ్జిగ త్రాగి ఊరకుండువారు కలరు. తెలుగులో ఆ రోగమునకు సెగ యను పేరే యుండుట ఈ భ్రమకు ఊతమైనది.

సెగకు కారణము వేడి కాదు, సూక్ష్మజీవి. 1879లో నైసర్ అను జర్మను వైద్యుడు దానిని కనుగొనెను. మజ్జిగ దానిని చంపజాలదు.

రెండవ భ్రమ, పుండు మానిన రోగము పోయినదనుట. సవాయి పుండు తరచు నొప్పి లేకుండ వచ్చి, కొన్ని వారములకు తనంతట తానే మానును. పద్దు కొట్టివేసినంత మాత్రమున అప్పు తీరునా? రోగము ఒంటిలో దాగి, ఏండ్ల తరువాత గుండెను, మెదడును పట్టవచ్చును; గర్భస్థ శిశువును బలిగొనవచ్చును. 16వ శతాబ్దపు భావప్రకాశము దీనిని ఫిరంగరోగమని వర్ణించినది. 1943లో పెనిసిలిన్ దీనిని నయము చేయునని తేలినది. నేటికిని అదియే ప్రధానౌషధము.

మూడవది, చెడునడత గలవారికే వచ్చుననుట. గడప దాటని ఇల్లాలికి భర్త వలన రావచ్చును. పెక్కుసార్లు ఆమెకు ఏ లక్షణమును కనబడదు. కావున దంపతులిరువురును చికిత్స పొందవలెను. లేనిచో నయమైన వానికే మరల అంటుకొనును.

నాల్గవది, కలిసి భుజించినను, దోమ కుట్టినను హెచ్.ఐ.వి. వచ్చుననుట. రాదు. దానిని నిర్మూలించు మందు లేదు గాని, 2004 ఏప్రిల్ 1 నుండి ప్రభుత్వము ఉచితముగా ఇచ్చుచున్న మందులను క్రమము తప్పక వాడువారు చిరకాలము జీవింపగలరు.

భ్రమలకు తోడు సిగ్గు. సిగ్గుచే గోడమీది ప్రకటనలు చూచి రహస్యవైద్యులను ఆశ్రయింతురు. సగము మాత్రలు మ్రింగి మానుదురు. ఇట్టి వాడుక వలన సెగక్రిమి పెక్కు మందులకు లొంగకున్నది. ప్రభుత్వ ఆసుపత్రులలో సురక్షా క్లినిక్కులు కలవు. హెచ్.ఐ.వి. సోకినవారి వివరములను గోప్యముగా నుంచవలెనని 2017 నాటి చట్టము శాసించుచున్నది. 1097కు ఫోను చేసిన ఉచితముగా సలహా లభించును. తొడుగు వాడుట చాలవరకు రక్షణ.

గ్రంథాలయమునకు రాలేని డ్రైవరు సోదరునకు, చదివినవారు ఈ మాట చేరవేయుదురు గాక! వాని ఇల్లాలికిని, పుట్టబోవు బిడ్డకును అది మేలు.