మా ఇంటి చెత్తబుట్ట లెక్కలు

(సంఘ సభ్యుల కుటుంబ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి ముందు వక్తలు చక్కగా చెప్పారు. నా వంతుకు చెత్త వచ్చింది. సర్వీసంతా లెక్కల సెక్షన్‌లో గడిపినవాణ్ణి కనుక మా ఇంటి చెత్త లెక్కే మనవి చేస్తాను.

నాచారంలో మా అబ్బాయి, కోడలు, ఇద్దరు మనవలతో కలిసి ఉంటున్నాం. పెద్దవాడికి నాలుగేళ్లు, చిన్నదానికి పధ్నాలుగు నెలలు. పొద్దున్నే చెత్త ఆటోకు సంచి అందించడం నా డ్యూటీ. ఒకరోజు ఆ సంచి విప్పి వేరుచేస్తున్న అమ్మాయి చేయి తెగింది. డైపర్ల మధ్య నేను పారేసిన షేవింగ్ బ్లేడు! "కాగితంల సుట్టి ఇయ్యరాదా సారూ" అంది, అంతే. కట్టు కట్టి, టీటీ ఇంజెక్షన్ చేయించి పంపాను గానీ ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

2015లో నగరపాలక సంస్థ తడి చెత్తకు ఆకుపచ్చ బుట్ట, పొడి చెత్తకు నీలం బుట్ట ఇంటింటికీ పంచింది. మా నీలం బుట్టలో బియ్యం పోసుకున్నాం. నవ్వుతున్నారు గానీ, మీలో ఎందరి ఇళ్లలో అదే జరిగిందో నాకు తెలుసు!

ఆ వారం మా చెత్తను విడివిడిగా లెక్కపెట్టాను. బరువులో సగానికి పైగా కూరగాయల తొక్కలు, పిల్లలు వదిలేసిన అన్నం. డైపర్లు ముప్పై అయిదు. చిప్సు పాకెట్లు పన్నెండు. ఆ పాకెట్లు తెచ్చేదెవరు? సాయంత్రం మనవణ్ణి షికారు తీసుకెళ్లే తాతగారే. ప్లాస్టిక్కు, లోహపు పొర అంటుకుపోయిన ఆ పాకెట్లను పాత సామాన్లవాడు కూడా కొనడు.

పాత పంచెలు చింపి లంగోటాలు కుడదామని మా ఇంటావిడ అంది. "ఉతికేదెవరు మామయ్యా?" అని కోడలు అడిగింది. న్యాయమైన ప్రశ్నే. తను ఆఫీసుకు పోవాలి, మా ఆవిడకు మోకాళ్ల నొప్పులు. ఆ పని నేనే తీసుకున్నాను. ఇప్పుడు డైపరు రాత్రికి, ప్రయాణానికి మాత్రమే. ముసురు పట్టి బట్టలు ఆరని రోజుల్లో పట్టింపు లేదు. వారానికి పదికి మించడం లేదు. వాటినీ కాగితంలో చుట్టి విడిగా ఇస్తున్నాం. 2016 నాటి కేంద్ర నిబంధనల్లోనూ చుట్టే ఇవ్వమన్నారు.

తొక్కలకు మేడమీద చిల్లులు పెట్టిన రెండు పాత డ్రమ్ములున్నాయి. ఒక వరుస తొక్కలు, ఒక వరుస ఎండుటాకులు, కాస్త పుల్లమజ్జిగ. మొదట కంపు కొట్టింది. ఎండుటాకులు పెంచితే తగ్గింది. రెండు మూడు నెలల్లో ఎరువు తయారై తోటకూర పెరుగుతోంది. ఇక పిల్లల కంచంలో మొదట కొంచెమే వడ్డిస్తున్నాం, అడిగితే మళ్లీ పెడుతున్నాం. పాకెట్ల బదులు డబ్బాలో పల్లీపట్టి, జంతికలు. మనవడు నాలుగు రోజులు అలిగాడు, తర్వాత అలవాటు పడ్డాడు.

మనం గుమ్మం దాటించిన చెత్త మాయమైపోదు. నగరం చెత్త జవహర్‌నగర్ యార్డుకు చేరుతూ వచ్చింది. ఆ కంపు, పాడైన నీళ్లు భరించే ఇళ్లలోనూ పసిపిల్లలున్నారు. చెత్తతో కరెంటు తీసే ప్లాంటు 2020లో అక్కడ మొదలైంది. అయినా తడి చెత్త సరిగా మండదు కదా. వేరుచేయవలసింది మన వంటింట్లోనే.

ఉప్పల్, నాచారం సభ్యులకు నా మనవి ఒక్కటే. పిల్లలకు తీరిక లేదు, మనకుంది. ఇంట్లో ఈ పని మనం మీద వేసుకుందాం. బ్లేడ్లు, పగిలిన గాజు మూత ఉన్న డబ్బాలో దాచి, చెప్పి మరీ చేతికిద్దాం.

ఆ అమ్మాయి ఇప్పుడూ మా వీధికి వస్తోంది. చేతి మీద మచ్చ అలాగే ఉంది.